నలుపు మీద నలుపు

అద్దం మీద అక్షరం నిలవాలంటే ముందు దాని కింద తెలుపు పడాలి. ఉత్త గాజు మీద ఎర్రరంగు పెడితే దూరానికి అది అక్షరంలా ఉండదు, గాజు అవతలి వస్తువు మీద పడ్డ మరకలా ఉంటుంది. అందుకని బోర్డులు రాసే జమలయ్య సుద్ద పట్టించిన దారాన్ని పెట్టె అద్దం మీద ఆ చివర నుంచి ఈ చివరకి బిగించి, మధ్యలో రెండు వేళ్ళతో ఎత్తి వదిలాడు. గీత పడింది. జానెడు కింద ఇంకోటి కొట్టాడు. రెండు గీతల మధ్య తెల్ల ఎనామెల్ పట్టీ వేయడం మొదలుపెట్టాడు.

"తాతయ్యా, అద్దం మీదొద్దండి. పక్కన చెక్క మీద రాయండి," అంది ఆ పెట్టె తాలూకు పిల్ల.

జమలయ్య తలెత్తలేదు. పట్టీ సగంలో ఉండగా కుంచె ఆగితే అక్కడ అతుకు కనపడుతుంది.

"పక్కన రాస్తే ఫొటోలో పడదమ్మా. కమిటీ వాళ్ళు ముందువైపే రాయమన్నారు."

"ఎండ అద్దంలోంచే పోవాలండి."

"పోతుందిలే. ఇంత అద్దం ఉందిగా."

పిల్ల అద్దం అంచు పట్టుకుని చూస్తూ నిలబడింది. పేరు దేవిక. తొమ్మిదో తరగతి. నిజాంపట్నం పక్క ఊరి బళ్ళో చదువుతోంది. ఆ పెట్టెని రేపల్లె దాకా ఆటోలో, అక్కడి నుంచి తెనాలికి పాసింజరులో రెండు సీట్ల మధ్య పెట్టుకుని తెచ్చారని, అద్దం పగలకుండా దారంతా దేవిక దాన్ని పట్టుకునే నిలబడిందని వాళ్ళ సైన్సు టీచరు స్వర్ణలత ఇందాక ఎవరికో చెబుతుంటే విన్నాడు. చెక్క పెట్టె, ఏటవాలుగా పైన అద్దం, అడుగున నల్లరంగు వేసిన రేకు, రేకుకి బెత్తెడు ఎత్తున వల చట్రం. చట్రం సగం మీద నెత్తళ్ళు, వేలెడంత చేపలు, పరిచి ఉన్నాయి. ఇసకలో మూడు రోజులు పట్టేది ఇందులో ఒక్క రోజులో ఎండుతుందని పక్కన చార్టు మీద రాసుంది. చార్టు కింద ఎర్ర గడిలో: 'పెట్టె లోపలి వేడి, 60 డిగ్రీలు.'

తెల్లపట్టీ చివరికంటా వచ్చింది. జమలయ్య ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు. అద్దం మీది పట్టీ నీడ లోపల చట్రం మీద అడ్డంగా పడింది. చిన్న చిన్న చేపలు, సగం ఎండలో, సగం నీడలో. అది చూశాడు. పట్టీ ఎక్కడా వంకర పోలేదని మాత్రం అనుకున్నాడు.

హైస్కూలు గ్రౌండులో బల్లలు నాలుగు వరసలు. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు బళ్ళ నుంచి నలభై ఎగ్జిబిట్లు. తెనాలి కమిటీ వాళ్ళు ఊరూరా తిరిగి దాతల్ని పట్టారు. ఒక్కో ఎగ్జిబిట్‌కి ఒక దాత. సామాను ఖర్చంతా దాతది, ఎగ్జిబిట్ మీద పేరు దాతది. ప్రదర్శన మూడు రోజులు. ఆఖరి రోజు పదకొండింటికి జడ్జీలొస్తారు. ఐదింటిని ఎంచి వడ్లమూడిలో జరిగే పెద్ద ప్రదర్శనకి పంపుతారు. కార్యదర్శి గిరిబాబు పొద్దుటి నుంచి మైకులో ఒకటే మాట. "దాత పేరు లేని ఎగ్జిబిట్ లిస్టులో ఉండదు. ప్రతి టీచరూ గమనించాలి. దాత పేరు లేనిదే లిస్టులో ఉండదు."

మైకులో ఆ మాట వచ్చినప్పుడల్లా జమలయ్యకి హుషారుగా ఉండేది. ఊళ్ళో బోర్డులన్నీ ఫ్లెక్సీలయ్యాక అతనికి మిగిలినవి బళ్ళలో నల్లబల్లలు, గుళ్ళో ఫ్యాను రెక్కలు, శ్మశానం దగ్గర సిమెంటు బెంచీలు. ఇవాళ నలభై పేర్లు. నలభై మంది పిల్లలు అతని చెయ్యి ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నారు.

పట్టీ ఆరేలోపు ఇంకో రెండు పేర్లు రాసొచ్చి, సాయంత్రం ఎర్రరంగు కలిపాడు. పై వరస: కీ.శే. మాణిక్యమ్మ గారి జ్ఞాపకార్థం. కింది వరస: దాత, కుమారుడు పాండురంగారావు. పాండురంగారావు గారంటే కమిటీ అధ్యక్షుడు. 'జ్ఞ' దగ్గర జమలయ్య ఊపిరి బిగబట్టాడు. ఎంత బాగా రాసే పెయింటరైనా దాని కింది కొమ్ము దగ్గర దొరికిపోతాడు. కుంచె తిప్పి, కొసని సన్నగా లాగి వదిలాడు.

"అబ్బ," అంది దేవిక వెనక నుంచి. నిజంగానే అంది.

*

రెండో రోజు పదింటికల్లా బాపట్ల అమ్మాయి పింకీ పరిగెత్తుకుంటూ వచ్చింది. "పెయింటర్ తాతా, నా గాలిమర ఊగిపోతోంది. నువ్వే ఏదో చేశావ్!"

నిలువెత్తు గొట్టం మీద మూడు రేకు రెక్కల గాలిమర. తిరిగితే చిన్న బల్బు వెలగాలి. నిన్న జమలయ్య అలవాటు కొద్దీ, ఫ్యాను మీద రాసినట్టే, ఒక రెక్క మీద దాత పేరు రాశాడు. దిట్టంగా, రెండు పూతలు. ఇప్పుడు గాలి వచ్చినప్పుడల్లా ఆ రెక్క కిందికి జారి ఆగిపోతోంది. తిరిగినా గొట్టమంతా తాగినవాడిలా ఊగుతోంది.

జమలయ్య చేత్తో తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు. ఎటు తిప్పినా పేరున్న రెక్కే కిందికి వచ్చింది.

"పేరు బరువెక్కింది," అన్నాడు.

"తుడిచెయ్యి మరి!"

"తుడవడమెందుకే. ఉండు." మిగతా రెండు రెక్కల మీద కూడా అదే పేరు, అంతే దిట్టంగా రాశాడు. గంట ఆరాక తిప్పితే గాలిమర నిలకడగా తిరిగింది. మధ్యాహ్నం వచ్చిన బాపట్ల దాత తన పేరు మూడు చోట్ల చూసుకుని, జమలయ్య భుజం తట్టి, టీ తాగమని ఇరవై రూపాయలిచ్చాడు. పింకీ నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి దూరింది.

ఆ టీ తాగుతూ జమలయ్య దేవిక బల్ల వైపు నడిచాడు. ఒంటిగంటన్నర. మబ్బు లేదు. దేవిక, స్వర్ణలత పెట్టె మీదికి వంగి ఉన్నారు. పెట్టె పక్కన చిన్న కన్నంలోంచి థర్మామీటరు బయటికి వచ్చి ఉంది.

"యాభై రెండు," అంది దేవిక. నోట్సులో రాసింది.

"ఇందాకా అంతేగా?"

"పన్నెండున్నర నుంచీ అంతేనండి. ఇంక పెరగదు. పొద్దు వాలుతోంది."

"పోనీ చార్టులో అరవై కొట్టేసి యాభై రెండు రాద్దాం," అంది స్వర్ణలత గొంతు తగ్గించి. "జడ్జీలు థర్మామీటరు చూస్తారు, చార్టు చూస్తారు. రెండూ కలిస్తే చాలు."

"యాభై రెండుకి ఒక్క రోజులో ఎండవు టీచర్. సాయంత్రానికి చేప మెత్తగానే ఉంటది. మర్నాటికి పురుగు పడతది. అప్పుడిక పెట్టెందుకండి, ఇసకే నయం."

"ఊళ్ళో అరవై వచ్చిందిగా."

"ఊళ్ళో అద్దం ఖాళీగా ఉందండి," అంది దేవిక.

ఆ మాట ఎవరి మీదా వేసి అనలేదు. జమలయ్య అక్కడే ఉన్నాడని కూడా చూడలేదు. స్వర్ణలత చూసింది. ఇబ్బందిగా నవ్వింది. "ఏం లేదండి. గిరిబాబు గార్ని అడిగొచ్చాను, పేరు పక్కకి మార్చచ్చా అని. అధ్యక్షుల వారి అమ్మగారి పేరు చెరపమంటారా మేడమ్, అన్నారు. ఇంకేం మాట్లాడతాం."

దేవిక అప్పుడు తలెత్తి జమలయ్యని చూసింది. "తాతయ్యా, ఆ 'జ్ఞ' చాలా బాగా రాశారండి," అంది. "మా ఊళ్ళో ఎవరికీ అట్లా రాదు."

జమలయ్య "ఆ" అన్నాడు. గ్లాసులో ఇంకా సగం టీ ఉంది. అది పట్టుకుని అక్కడి నుంచి వచ్చేశాడు.

మధ్యాహ్నమంతా మిగిలిన తొమ్మిది పేర్లు రాశాడు. చెయ్యి బాగానే నడిచింది. మనసు మాత్రం వేరే పనిలో ఉంది. సముద్రం ఒడ్డున ఎండ వేరు, ఇక్కడ ఎండ వేరు అనుకున్నాడు. రైలు కుదుపులకి పెట్టెలో ఎక్కడో సందు పడి ఉంటుంది, వేడి పోతోంది అనుకున్నాడు. థర్మామీటరు మంచిదో కాదో అనుకున్నాడు. ఒక్కో కారణం దొరికిన కాసేపు హాయిగా ఉండేది. తర్వాత ఎండలో ఒక నీడపట్టీ, దాని కింద చేపలు గుర్తొచ్చేవి. గుర్తురావడం కూడా కాదు. నిన్న చూసినప్పుడే అది లోపల ఎక్కడో పడి ఉంది, ఇప్పుడు కదులుతోంది. 'ఇంత అద్దం ఉందిగా' అన్నాడు తను. ఆ పిల్లకి చెప్పలేదు ఆ మాట. తనకే చెప్పుకున్నాడు.

సామాను సర్దుకునే వేళకి దేవిక బల్ల దగ్గర ఎవరూ లేరు. జమలయ్య అద్దం మీద అరచెయ్యి ఆనించాడు. గాజు భాగం వెచ్చగా ఉంది. తెల్లపట్టీ మీదికి జరిపాడు. అక్కడ కూడా దాదాపు అంతే వెచ్చగా ఉంది. చెయ్యికి ఏం తేడా తెలియలేదు. కంటికి తెలుస్తోంది. అద్దంలో మూడో వంతు తెలుపే.

గాలిమరకైతే ఇంకా రెండు పేర్లు రాస్తే సరిపోయింది. దీనికి రాసి సరిచేసేది ఏం లేదు.

*

మూడో రోజు పొద్దున్నే, ఆరు కొట్టేసరికి జమలయ్య గ్రౌండులో ఉన్నాడు. సంచిలో కుంచెలు లేవు. కొత్త బ్లేళ్ళ పొట్లం, టర్పెంటైన్ సీసా, పాత గుడ్డలు, నీళ్ళతో తడుపుతూ రుద్దే గరుకు కాగితం నాలుగు షీట్లు, ఒక టేపు చుట్ట. వాచ్‌మన్ పడుకునే తలెత్తి చూసి, పెయింటరే అని మళ్ళీ పడుకున్నాడు.

బ్లేడు ఏటవాలుగా పెట్టి నెట్టాడు. తెలుపు, దాని మీద ఎరుపు, కలిసి సన్నటి పొరగా లేచి చుట్టుకుంటూ వచ్చాయి. ముందు దాత పేరు పోయింది. తర్వాత 'జ్ఞాపకార్థం' దగ్గరికి వచ్చాడు. 'జ్ఞ' ని చివర్లో గీకుదామని చుట్టూ గీకి, అది ఒక్కటే అద్దం మధ్యన మిగిలాక, ఇదేంటి చిన్నపిల్లాడిలా అనుకుని అదీ నెట్టేశాడు.

పంపు దగ్గర పళ్ళు తోముకుంటున్న దేవిక నురగ నోటితోనే పరిగెత్తుకొచ్చింది. బాపట్ల, రేపల్లె పిల్లలంతా రెండు రాత్రులుగా తరగతి గదుల్లో పడుకుంటున్నారు.

"తాతయ్యా! పేరు తీసేస్తే లిస్టులోంచి తీసేస్తారండి!"

"పేరు ఉంటదిలే. నువ్వు నోరు కడుక్కురా. ఈ రేకు బయటికి వస్తదా?"

"వస్తదండి. ఎందుకు?"

"తియ్యి."

దేవిక చట్రం తీసి, కింద నల్లరేకు రెండు చేతులతో లాగి బల్ల మీద పెట్టింది. జమలయ్య దాన్ని ఆకాశం వైపు వంచి చూశాడు. రేకులో ఆకాశం కనపడింది. వేపకొమ్మ కనపడింది.

"ఏం రంగు వేశావ్?"

"షాపులో నల్లరంగు అడిగితే ఇదిచ్చాడండి."

"ఇది గేట్లకేసే రంగు. మెరుస్తది. మెరిసే నలుపు వెలుగుని తిప్పికొడతది. బళ్ళో నల్లబల్ల ఎప్పుడన్నా మెరిసిందా?"

"కొత్తగా వేసినప్పుడు మెరిసేదండి. పక్క బెంచీ వాళ్ళకి అక్షరాలు కనపడేవి కావు."

"అది ఎవడో తెలియనోడు వేశాడు," అన్నాడు జమలయ్య. ఆ మాట అంటుంటే రెండు రోజుల్లో మొదటిసారి ఒళ్ళు తేలికైంది. "దీని మెరుపు చంపాలి. కొత్త రంగు వేస్తే ఆరదు, చేపకి వాసన పడతది. రుద్దుదాం."

ముందు రేకు మీద, చట్రంలో చేపలు పరవని సగం కిందికి వచ్చేచోట, టేపు అతికించాడు. పెన్సిలుతో అక్షరాలు గీసి, బ్లేడుతో అంచులు కోసి, అక్షరాలు కాని టేపంతా ఒలిచేశాడు. మిగిలిన అక్షరాల్ని బొటనవేలితో గట్టిగా అదిమాడు. తర్వాత గరుకు కాగితం చెక్కముక్కకి చుట్టి, గుండ్రంగా, తొందర లేకుండా రుద్దసాగాడు. దేవిక మగ్గుతో నీళ్ళు పోసింది. నల్లటి నీళ్ళు బల్ల మీంచి కారాయి. కాగితం మూడుసార్లు మార్చారు. రేకు నల్లపలకలా పొడిగా, గుడ్డిగా తేలింది.

"మొత్తం పేరు రాయరా?" అంది దేవిక. "కీర్తిశేషులు, దాత, అదంతా?"

జమలయ్య ఎండ వైపు చూశాడు. ఎనిమిది దాటింది. పెట్టె వేడెక్కడానికి మూడు గంటలన్నా కావాలి. "టైము చాలదు," అన్నాడు.

టేపు అక్షరాలు గోటితో ఒక్కొక్కటే లేపాడు. వాటి కింద పాత మెరుపు అట్లాగే ఉంది. ఎదురుగా నిలబడి చూస్తే రేకంతా ఒకటే నలుపు. పక్కకి వచ్చి, నడుము వంచి, ఎండ వాటం చూసుకుంటే, నలుపు మీద నలుపుగా అక్షరాలు వెలిగాయి. దేవిక అటు వంగి చూసింది, ఇటు వంగి చూసింది. ఒకసారి కనపడ్డది రెండోసారి మాయమైతే నవ్వింది.

*

పదకొండున్నరకి గిరిబాబు చేతిలో లిస్టుతో, వెనకాల ఫొటోగ్రాఫరుతో మూడో వరసకి వచ్చాడు. జడ్జీలు ఇంకా రెండో వరసలో గాలిమర దగ్గర ఉన్నారు.

"ఇరవై ఏడు," అని చదివి తలెత్తాడు. అద్దం చూశాడు. "ఏంటిది? పేరేది?"

"ఉందండి. లోపల," అన్నాడు జమలయ్య. పొద్దుటి నుంచి అతను ఆ బల్ల దగ్గర నుంచి కదల్లేదు.

"లోపలెక్కడ? నల్లరేకు తప్ప ఏం లేదు."

"కొంచెం వంగాలండి. ఇటుపక్క నుంచి."

గిరిబాబు వంగాడు. కాసేపు ఏమీ కనపడనట్టు తల అటూ ఇటూ తిప్పాడు. తర్వాత నిటారుగా నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. "నీకు రాయమని చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి? కీ.శే. ఏది? దాత పేరేది? అసలిది పేరంటారా ఎవరన్నా?"

"ఎండకి అడ్డం రాకుండా రాయాలంటే అదే చోటండి."

"ఎండ సంగతి నీకెందుకయ్యా? నువ్వు పెయింటర్‌వి."

నిన్న మధ్యాహ్నమంతా జమలయ్య తనకి తాను వేసుకున్న ప్రశ్న అదే. ఇంకొకళ్ళ నోట వినేసరికి అది అంత పెద్దదిగా అనిపించలేదు.

గిరిబాబు పెన్ను టోపీ తీశాడు. ఇరవై ఏడు మీద పెన్ను ఆనించాడు. "సారీ మేడమ్. రూలు రూలే."

"రూల్లో పేరుండాలనే కదండీ చెప్పారు," అంది స్వర్ణలత. "మూడు రోజులు మైకులో విన్నాం. ఎక్కడుండాలో చెప్పలేదు."

"ఏంటి గిరీ, గొడవ?"

పాండురంగారావు గారు. తెల్ల చొక్కా లోపల నడుంనొప్పి బెల్టు, చేతిలో కర్ర. ఫొటోగ్రాఫరు పక్కకి తప్పుకున్నాడు. గిరిబాబు చెప్పబోయాడు. ఆయన వినకుండా అద్దం ముందుకి వచ్చి నిలబడ్డాడు. "నాదిదేనన్నారుగా. మా అమ్మ పేరేదీ?"

గిరిబాబు జమలయ్య వైపు చూశాడు.

"లోపల రేకు మీద ఉందండయ్యా," అన్నాడు జమలయ్య. "వంగితే కనపడతది."

ఆయన వంగబోయాడు. బెల్టు అడ్డం పడింది. కర్ర మీద బరువు వేసి ఇంకోసారి ప్రయత్నించి, ఊపిరి వదిలి, జేబులోంచి ఫోను తీసి అద్దం మీదికి చాపి ఫొటో కొట్టాడు. తెర దగ్గరగా పెట్టుకుని చూశాడు. అద్దంలో ఆయన చెయ్యి, ఫోను, ఆయన మొహం పడ్డాయి. పేరు పడలేదు.

"ఏమ్మా, నువ్వు చదువు. ఏం రాసుంది?"

దేవిక పక్కకి వచ్చి వంగింది. "మాణిక్యమ్మ."

"తర్వాత?"

"అంతేనండి."

"కీర్తిశేషులని లేదా?"

"లేదండి."

"టైము చాలలేదండి," అన్నాడు జమలయ్య. "జడ్జీలొస్తారని..."

పాండురంగారావు గారు చెయ్యెత్తి ఆపాడు. "మళ్ళీ చదువు."

"మాణిక్యమ్మ," అని చదివింది దేవిక. బళ్ళో హాజరు పిలిచినట్టు, మామూలుగా.

ఆయన కర్ర కొసతో నేల మీద ఏదో గీకుతూ ఉండిపోయాడు. "మా నాన్నొక్కడే అట్లా పిలిచేవాడు," అన్నాడు ఎవరితోనూ కాకుండా. తర్వాత మామూలు గొంతుతో, "ఏం చేస్తది ఈ పెట్టె?"

"నెత్తళ్ళు ఎండబెడతదండి. ఒక్క రోజులో. అరవై డిగ్రీలు రావాలి."

"ఎంతొచ్చింది?"

దేవిక థర్మామీటరు చూసింది. కనుబొమలు ముడిచింది. ఆయన వైపు తిరిగింది.

"యాభై తొమ్మిదండి. ఇందాకటి నుంచి పెరుగుతోంది, ఇప్పుడాగింది. తాతగారూ, మీరు కొంచెం పక్కకి జరగండి. మీ నీడ పడుతోంది."

గిరిబాబు నోరు తెరిచాడు. స్వర్ణలత దేవిక చెయ్యి పట్టుకోబోయింది. పాండురంగారావు గారు తలవంచి చూశాడు. అద్దం మీద, చేపల మీద, రేకు మీద తన నీడ నిలువుగా పడి ఉంది. భుజాలు, తల, చేతికర్ర.

"అవునే," అన్నాడు. కర్ర తీసి పక్కకి ఆనించి, ఒక అడుగు, చాలదనుకుని ఇంకో అడుగు, వేశాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు లేదండి."

ఫొటోగ్రాఫరు ఆయన్ని పెట్టె వెనక నిలబడమన్నాడు. ఆయన అక్కర్లేదన్నాడు. గిరిబాబు లిస్టు వైపు, ఆయన వైపు చూసి పెన్నుకి టోపీ పెట్టాడు. జడ్జీల కోసం వెళుతూ జమలయ్య పక్కన ఆగి, "వచ్చే ఏడాది నుంచి స్టిక్కర్లేనయ్యా," అన్నాడు. "ఈ తలనొప్పులు పడలేం."

"అట్లాగేనండి," అన్నాడు జమలయ్య.

సంచి సర్దుకున్నాడు. వాడిన బ్లేళ్ళు కాగితంలో చుట్టాడు. బ్లేడు పొట్లానికి ఎర్రటి పొర ముక్క ఒకటి అంటుకుని ఉంది, 'జ్ఞ' కొమ్ము కొస లాంటిది. గోటితో తీసి పారేశాడు. జడ్జీలిద్దరూ మూడో వరసకి వచ్చారు. ఒకాయన చార్టు చదువుతున్నాడు. ఇంకొకావిడ అద్దం మీదికి వంగి, ఏదో కనపడి, ఇంకా వంగింది. ఆవిడ వెనకాల పింకీ కూడా వంగింది.

గేటు దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి కేక వినపడింది.

"తాతయ్యా! అరవై ఒకటి!"

జమలయ్య వెనక్కి తిరగలేదు, చెయ్యెత్తాడంతే. ఆ అంకెని నడుస్తూనే మనసులో ఒకసారి రాసుకున్నాడు. అరవై సంవత్సరాలు దగ్గరపడుతున్న ఆ చెయ్యి, రాయడానికి ఎక్కడ చోటుందా అని వెతక్కపోవడం అదే మొదటిసారి.